రెండున్నర నక్షత్రముల ప్లీడరు

ఐదు నక్షత్రములకుగాను నా పేరునకెదురుగా రెండున్నర మాత్రమే వెలుగుచున్నవని మా మేనల్లుడు కనిపెట్టి చెప్పిన నాటినుండి, దావా కాగితములు ముందరవేసికొని కూర్చున్నను దృష్టి వానిపై నిలువక, చేయి దానంతటదియే జేబులోని ఫోను వైపునకు పోవుచున్నది. ఆ ఇంటర్నెట్టు పటములో నా ఆఫీసును చూపుమని నేనెవరినీ వేడలేదు. ఎవరో పుణ్యాత్ముడు చూపినాడు. చూపిన చోటైనను నా ఆఫీసు కాదు, ప్రక్కనున్న టిఫిను హోటలు. కావుననే నాకు లభించిన అభిప్రాయములలో మొదటిది "పెసరట్టు బాగుంది, చట్నీ పల్చన" అని యున్నది. దానికి నాలుగు నక్షత్రములు. నా పరువు ఆ మాత్రమైనను నిలిచియున్నది పెసరట్టు పుణ్యముననే.

తక్కిన మూటిలో ఒకటి ఒంటి నక్షత్రము: "ఈ లాయరు వల్ల నా రెండెకరాలు పోయాయి." వ్రాసినవాడు నా కక్షిదారు కాడు, ప్రతివాది! ఎదుటి పక్షమువానిచే ఇట్లు శపింపబడుటకంటె ప్లీడరునకు వేరు యోగ్యతాపత్రమేల? గాని సగటు కట్టు యంత్రమునకు వాదిప్రతివాది భేదము లేదు. రెండవది నా కక్షిదారుదే. దావా గెలిచియు "చాలా లేటు" అని రెండు నక్షత్రములు విదిల్చినాడు. ఆ జాప్యము ఎవరు కోరిన వాయిదాల వలన కలిగెనో నాలుగు ముక్కలు వ్రాయవలెనని ప్రాణము కొట్టుకొనును. కాని కక్షిదారు తన ప్లీడరుతో చెప్పుకొన్నది బయటపెట్టరాదని 1872 నాటి సాక్ష్యచట్టపు 126వ సెక్షను నా నోరు కుట్టినది. 2024 జూలైలో ఆ చట్టము పోయి కొత్త అధినియమము వచ్చినను ఆ కుట్టు మాత్రము విప్పలేదు. మూడవది మూడు నక్షత్రములు, మాట లేదు. అందరికంటె నన్ను వేధించువాడు ఈ మౌనియే. తిట్టదలచినవాడు తిట్టును, మెచ్చదలచినవాడు మెచ్చును. మూడిచ్చి మూతి ముడుచుకొన్నవాని అభిప్రాయమేమి? మా జూనియరు మీద నాకు అనుమానము.

"గెలిచిన క్లయింట్లందరికీ లింకు పంపించండి మావయ్యా, తలో అయిదు స్టార్లు ఇస్తారు. వారానికో పోస్టు పెట్టండి, విజిబిలిటీ పెరుగుతుంది" అని మేనల్లుని హితోపదేశము. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమము వానికేమి తెలియును? న్యాయవాది ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని తన్ను తాను ప్రకటించుకొనరాదు. గుమ్మమునకు వ్రేలాడు పేరుపలక సైతము తగుమాత్రపు పరిమాణముననే యుండవలెను. దానిపై ఫలానా తరహా కేసులలో దిట్టనని గాని, పూర్వము జడ్జిగా నుంటినని గాని వ్రాసికొనరాదు. 2008లో కొంత కరుణించి వెబ్‌సైటు పెట్టుకొననిచ్చిరి గాని, అందును పేరు, చిరునామా, చదువు, చూచు కేసుల తరహా, ఇట్టి పొడి వివరములే. నన్ను నేను పొగడుకొనుట దోషము. నన్ను ఊరివారు తూలనాడుట వారి స్వేచ్ఛ.

పోనీ, ఉన్నది తుడిపివేయింతమా యనిన, స్పెయిను దేశపు మారియో కోస్తెహా గొన్సాలెస్ గారి కథ జ్ఞప్తికి వచ్చి గుండె జారును. ఆయన సామాజిక భద్రత బకాయి పడగా, ఆస్తి వేలమునకు వచ్చి, ఆ ప్రకటన 1998లో ఒక బార్సిలోనా పత్రికలో రెండు మారులు పడెను. బకాయి వ్యవహారము ముగిసిపోయెను. పత్రిక మాత్రము తన పాత సంచికలన్నింటిని ఇంటర్నెట్టున కెక్కించెను. పేరు వెదకినవారికెల్ల గూగులు ఆ వేలమునే చూపుచుండగా, ఆయన 2010లో ఫిర్యాదుచేసి, పోరాడి పోరాడి, 2014 మే 13న ఐరోపా న్యాయస్థానమున గెలిచెను. పేరుతో వెదకినపుడు అట్టి పాతబడిన సంగతుల లంకెలను తొలగింపుమని గూగులును కోరు హక్కు మనుష్యునకు కలదని తీర్పు. "మరపింపబడు హక్కు" అని దానికి జగత్ప్రసిద్ధి. ఫలితమేమనగా, బార్సిలోనాలో ఎవరో కొందరికి మాత్రమే తెలిసిన ఆ బకాయి నేడు ప్రపంచమునందలి లా విద్యార్థులందరికిని పరీక్షాంశమైనది. ఆయనను మరువవలెనను తీర్పును ఆయన పేరు చెప్పక ఉదహరించుట అసాధ్యము. చివరకు గోదావరి గట్టున కూర్చున్న నేను సైతము ఆయన అప్పును తెలుగున వ్రాయుచున్నాను. నన్ను తొలుచు సందేహము వేరు. ఆయన ప్లీడరు ఫీజును గెలిచిన పద్దున వ్రాసికొనెనా, ఓడిన పద్దున వ్రాసికొనెనా? గెలుపుతోడనే కక్షిదారుని కోరిక భగ్నమైన దావాకు మిగిలిన ఫీజు అడుగుట ధర్మమా? అడిగెనే పో, కక్షిదారు ఎన్ని నక్షత్రము లిచ్చియుండును? ఐదిచ్చి పేరు వ్రాసిన మరల పేరు బయటపడును; పేరు దాచి మూడిచ్చి యూరకుండెనేమో! ఒక రాత్రి నిద్రపట్టక, మా జూనియరుపై అనుమానము మాని ఆ స్పెయిను పెద్దమనిషినే అనుమానించితిని.

హాస్యమటుండనిండు. మా సీనియరు గారి పేరు మొన్న ఇంటర్నెట్టున వెదకితిని, ఏమియు రాలేదు. పాత లా జర్నళ్ళలో "అప్పీలుదారు తరఫున" అను చోట చిన్నయక్షరములలో ఆయన ఇంటిపేరు కలదు, అంతే. ఆయన, వచ్చినవారిలో సగముమందిని "నీ కేసులో పస లేదు, పోయి రాజీపడు" అని కసిరి పంపివేసెడివారు. పోవునపుడు వారు తిట్టుకొనియేయుందురు. ఆ తిట్టు కోర్టు వరండా దాటులోపలనే చల్లారెడిది. మరునాడాయన తిరిగి అంత నిర్భయముగను కసరెడివారు. ఆ కసురు వలన ఎన్ని ఇండ్లు అప్పులపాలు గాక నిలిచినవో ఎవరును లెక్క వ్రాయలేదు. అదే మాట చెప్పవలసినచోట నేడు నా నాలుక ఒక్క క్షణము తటపటాయించుచున్నది. ఆ క్షణము నాకు నచ్చుట లేదు.

నిన్న ఒక రైతు గట్టు తగాదా పట్టుకొని వచ్చెను. కాగితములు చూచితిని, అన్నదమ్ములు కూర్చుండి మాటలాడుకొన్నచో పూటలో తీరునది. పైకి చెప్పుటకు ముందు ఆయన చొక్కాజేబులోని ఫోను ఏపాటిదో ఓరకంట చూచుకొని, పిదప చెప్పివేసితిని.

"ఫీజెంతండీ?" అనెను.

"ఏమీ వద్దయ్యా, వెళ్ళు."

ఆయన ముఖము చిన్నబుచ్చుకొని కాగితములు సంచిలో సర్దుకొనుచు, "ఉత్తినే చెప్పారు కదండీ, మరో ప్లీడరు గారిని కూడా అడిగి చూస్తానండి" అని వెడలిపోయెను.