రాయచోటికి ఆరడుగులు నేర్పడమా!

కరోనా వచ్చిందని, మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం ఉండాలని 2020 మార్చి నుంచి ఆటోకు మైకు కట్టి రాయచోటి వీధుల్లో తిప్పారు. ఏలూరులోనో భీమవరంలోనో చెప్పాల్సిన మాట ఇది. మా రాయచోటి మాసాపేటలో చెప్తే నవ్వొస్తుంది. ఇక్కడ మొగుడికీ పెళ్లానికీ నడుమ దాదాపు 3,500 కిలోమీటర్లు, దారిలో ఒక సముద్రం. ఆయన కువైట్‌లో డ్రైవరైతే ఆమె ఇక్కడ పిల్లలతో. లేదా ఆమె అక్కడ సేటు ఇంట్లో వంటకు, ఆయన ఇక్కడ అదే పిల్లలతో. తరాలు మారినా ఈ దూరం మాత్రం తగ్గలేదు. ఢిల్లీ వాళ్లకు కాస్త లోకజ్ఞానం ఉంటే ఆరడుగుల మీద సలహాకు మమ్మల్నే పిలిచేవాళ్లు.

ఏప్రిల్‌లో పెద్దమనుషులందరూ ఒక్కసారిగా వీడియో కాల్‌ను కనిపెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి కలెక్టర్లతో వీడియోలో, అప్పటి ప్రతిపక్ష నాయకుడు హైదరాబాద్‌లో కూర్చుని జూమ్‌లో. ‘ఇక మీదట జీవితమంతా ఆన్‌లైనే’ అని టీవీలో టై కట్టుకున్నాయన జోస్యం చెప్తుంటే, మా వీధి అవ్వ వక్కాకు నములుతూ, “ఆయప్పకు ఇప్పుడు తెలిసిందా!” అనింది. అవ్వకు సంతకం రాదు గానీ ఫోన్‌లో ఈమో యాప్ వచ్చు. మనవడి బారసాల, మనవరాలి పెళ్లిచూపులు, ఆఖరికి తాత పాడె లేవడం కూడా కువైట్‌లో ఉన్న కొడుక్కు ఈమోలోనే చూపించింది. సిగ్నల్ పోయి కొడుకు ముఖం మధ్యలో బిగుసుకుపోతే ఎలా ఏడవాలో కూడా ఆమెకు తెలుసు. ఈ విద్యకు ఐఏఎస్‌లు అప్పుడు శిక్షణ తీసుకున్నారు.

రైళ్లు ఆపేశారని దేశమంతా గగ్గోలు పెట్టింది. రాయచోటిలో ఆ రోజు ఎవరూ కన్నెత్తి చూడలేదు. మా ఊరి మీదుగా పోవాల్సిన కడప-బెంగళూరు కొత్త లైను 2008-09లో మంజూరైంది, పెండ్లిమర్రి దాకా వచ్చి అలసి కూర్చుంది. మా ఊరి రైలు అప్పటి నుంచే హోం క్వారంటైన్‌లో ఉంది. పద్నాలుగు రోజులని చెప్పి అప్పటికే పన్నెండేళ్లు గడిపిన ఘనత ఇంకే రోగానికీ లేదు.

లాక్‌డౌన్ మొదటి రోజే ఉగాది. మార్చి 24 రాత్రి ఎనిమిదికి ప్రధాని టీవీలో కనిపించి 21 రోజులు ఇల్లు కదలొద్దన్నారు. తెల్లారితే శార్వరి. మామిడాకు దొరికిన ఇంట్లో బెల్లం లేదు, బెల్లం ఉన్న ఇంట్లో వేపపువ్వు లేదు. అయినా చేదుకు కొరత రాలేదు. పంచాంగం వినే అవసరం కూడా లేకుండా పోయింది. ఏ రాశికైనా ఆదాయం సున్న, వ్యయం యథాతథం. రాజపూజ్యం సంగతేమో గానీ, పాలప్యాకెట్ కోసం బండి తీసినోళ్లకు అవమానం సర్కిల్‌లోనే లాఠీతో ముట్టింది. వీరభద్రస్వామి గుడి తలుపులు వేసుకున్నాడు. ఒంటిమిట్ట రామయ్య పెళ్లి ఏకాంతంగా జరిగింది. ఊరంతా పిలిచి అప్పుల పాలయ్యే మా పెళ్లి పెద్దలు ఆ ఒక్క విషయంలో దేవుణ్ని చూసి అసూయపడ్డారు.

ఇరవై సెకన్లు చేతులు కడుక్కోమన్నారు. ఎండాకాలం రాయచోటిలో కుళాయి ఎప్పుడు వస్తుందో కుళాయికే తెలీదు. ట్యాంకరు వచ్చిందాకా వైరస్‌ను చేతి మీదే కాస్త ఓపిక పట్టమని బతిమాలుకోవాల్సిందే. ఇక రేషన్ షాపు ముందు సున్నంతో వేసిన గుండ్రాల సంగతి. గుండ్రానికొక మనిషి నిలబడాలని రూలు. మావాళ్లు గుండ్రానికొక జత చెప్పులు పెట్టి, మనుషులంతా పోయి వేపచెట్టు కింద ఒకే నీడలో గుంపుగా కూర్చున్నారు. చెప్పులకు ఒక్కదానికి కూడా కరోనా రాలేదు.

మార్చి 15న ముఖ్యమంత్రి కరోనాకు పారాసిటమాల్, బ్లీచింగ్ చాలన్నారు. అదే రోజు ఎన్నికల కమిషనర్ స్థానిక ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. ఆ రెండింట్లో ప్రభుత్వానికి జ్వరం తెప్పించింది రోగం కాదు, వాయిదా. ఏప్రిల్ 10న ఆర్డినెన్సు వచ్చింది, ఆ కమిషనర్ మారిపోయారు. కొత్తాయన మర్నాడే చెన్నై నుంచి వచ్చి విజయవాడలో కుర్చీలో కూర్చున్నారు. గాలివీడు టమాటా మాత్రం రాయచోటి దాకా రావడానికి కూడా దారి కనపడక గంపలోనే కుళ్లింది. టమాటాకు కూడా ఒక ఆర్డినెన్సు ఉంటే బాగుండేది.

అసలు విడ్డూరం కువైట్ నుంచి దిగినవాళ్ల దగ్గర చూడాలి. అంతకుముందు కువైట్ మనిషి వస్తున్నాడంటే వీధికి తిరునాళ్లు. చెన్నై ఎయిర్‌పోర్టుకు సుమో పోయేది. పోయేటప్పుడు లోపలంతా మనుషులు, వచ్చేటప్పుడు పైనంతా పెట్టెలు. దుప్పట్లు, సెంటు సీసాలు, ఖర్జూరం, టాంగు పొడి, నిడో డబ్బాలు. పెట్టె తాడు విప్పకముందే ఎక్కడెక్కడి వరసలన్నీ కలిసేవి. “చిన్నాయనా, మా పిల్లోనికి ఒక వీసా చూడరాదా” అని ఒకరు, “మామా, పదివేలు సర్దితే శెనక్కాయలు అమ్మినాంక ఇస్తా” అని ఇంకొకరు.

మార్చిలో అదే మనిషి దిగాడు. పెట్టె కిందికి దించకముందే 104కు ఫోన్లు పోయాయి. అప్పట్లో యాభై ఇళ్లకొక వాలంటీరు కదా, వచ్చి దినార్లతో కట్టిన మేడకు కాగితం అంటించి పోయాడు. చిన్నాయన అన్నోడు కిటికీ మూశాడు, మామా అన్నోడు వీధి మార్చాడు. ఫోన్ చేసిందెవరని కూపీ లాగితే, ఆయనకు బాకీ ఉన్నోళ్లే ముందు చేశారని తేలింది. పద్నాలుగు రోజులు ఆయన గడప దాటలేడు, అంటే పద్నాలుగు రోజులు బాకీ అడగలేడు. రిజర్వు బ్యాంకు మార్చి 27న అప్పులకు మూడు నెలల మారటోరియం ప్రకటించి తానేదో కొత్తగా చేశాననుకుంది. మావాళ్లు అంతకుముందే ఎవరిది వాళ్లు మంజూరు చేసుకున్నారు.

మే 4న మందు షాపులు తెరిచారు. మద్యనిషేధం దిశగా అడుగని చెప్పి రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచారు. అనకాపల్లిలో మందు షాపు వరుసల కాపలాకు టీచర్లను పెట్టారు. బడిలో లైన్లో నిలబడని పిల్లలు పెద్దయ్యాక ఎంత క్రమశిక్షణతో నిలబడ్డారో చూసి, ఆ మాస్టార్లు తమ సర్వీసు వృథా పోలేదని మురిసిపోయి ఉంటారు.

ఇదంతా జరుగుతుండగా, ఆకామా (నివాస అనుమతి) గడువు అయిపోయి దాక్కుని బతుకుతున్నవాళ్లకు కువైట్ ప్రభుత్వం ఏప్రిల్‌లో క్షమాభిక్ష పెట్టింది. జరిమానా లేదు, టికెట్టు వాళ్లదే, తర్వాత కొత్త వీసా మీద మళ్లీ రావచ్చు కూడా. మనవాళ్లకు 16 నుంచి 20 వరకు తేదీలిచ్చారు. కాగితాలు రాయించుకుని, మూటాముల్లె కట్టుకుని జనం క్యాంపులకు చేరారు. తీరా చూస్తే మార్చి 22 నుంచి మన ఆకాశానికి తాళం. పొమ్మని వాళ్లు టికెట్టు చేతిలో పెడుతున్నారు, రావద్దని మనం గడియ పెట్టుకున్నాం. రంజాన్ ఉపవాసాలు చాలామందికి ఆ క్యాంపుల్లోనే మొదలయ్యాయి. ఇంట్లో ఉండండి, క్షేమంగా ఉండండని ఇక్కడి నుంచి వాళ్లకు వాట్సాప్‌లో సందేశాలు మాత్రం విమానం అక్కర్లేకుండా చేరాయి. కువైట్ నుంచి హైదరాబాద్‌కు మొదటి విమానం మే 9న దిగింది, 163 మందితో. మిగతావాళ్లు వంతు కోసం కాసుకున్నారు.

ఆలస్యంగానైనా అలా చేరినాయన ఒకరు మా పక్క వీధిలో ఉన్నాడు. క్వారంటైన్ ముగించుకుని ఇంటికొచ్చిన రెండో రోజే ఏజెంటు వచ్చాడు. మాస్కు తీయలేదు, గేటు అవతలే, కొలిచినట్టు ఆరడుగుల దూరంలో నిలబడ్డాడు.

“వీసాలు ఎప్పుడు తెరుస్తారన్నా?” అని అడిగాడీయన.

“తెరుస్తార్లేబ్బా, యాడికి పోతాయి! ముందు నీ పేరు రాసుకుంటా. అడ్వాన్సు మటుకు ఫోన్‌పేలో కొట్టు, నోట్లు ముట్టుకుంటే అంటుకుంటాదంట.”