ఒక పేజీ, మూడు జిల్లాలు

వెబ్ పేజీ చూడడానికి ఒక్కటిగానే కనిపించినా, జిల్లాను ఎంచుకునే పెట్టె, మండలాల జాబితా, పటం, దరఖాస్తుదారు వివరాలు చూపే పైపట్టీ వంటి వేర్వేరు భాగాలను, అంటే కాంపొనెంట్లను, కూర్చి దానిని తయారు చేస్తారు. ఒక్కో భాగానికి ఆ క్షణాన తెలిసిన సంగతిని దాని స్టేట్ అనీ, మాటిమాటికీ సర్వర్‌ను అడగకుండా ఆ సంగతికి నకలు తీసి దగ్గరే దాచుకోవడాన్ని క్యాషింగ్ అనీ అంటారు. చిక్కల్లా ఈ నకళ్లు ఒకే రోజున తీసినవి కాకపోవడంలోనే ఉంది.

ఈ చిక్కును అధ్యయనం చేయడానికి ఉత్తర తెలంగాణ కన్నా అనువైన చోటు దొరకదు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. పాత కరీంనగర్ కూడా నాలుగై, మిగిలిన అంచులను పొరుగు జిల్లాలకు పంచింది. ఆ పంపకంలో వరంగల్ అర్బన్‌కు వెళ్లిన ఎల్కతుర్తి, 2021లో ఆ జిల్లా పేరే మారడంతో హనుమకొండలో తేలింది. ఇప్పుడు ఎల్కతుర్తి రైతు ఒకరు ఏదో ఒక దరఖాస్తు పేజీని తెరిచారనుకుంటే, పాత ఖాతా నుంచి వివరాలు తెచ్చుకున్న పైపట్టీ ఆయనను కరీంనగర్ వాసి అంటుంది, 2018 నాటి ఫైలును నమ్ముకున్న పటం వరంగల్ అర్బన్ అంటుంది, తాజా జాబితా గల పెట్టె హనుమకొండ అంటుంది. వీటిలో ఏదీ అబద్ధమాడడం లేదు. తన నకలు పట్ల ప్రతి భాగానికీ ఉన్న విధేయతే పేజీని అబద్ధం చేస్తోంది.

అంతా తాజాగా ఉన్నా గొడవ తప్పదు. రైతు ముందు కరీంనగర్ నొక్కి, వెంటనే నాలుక కరుచుకుని హనుమకొండ నొక్కితే, మొదటి ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వచ్చి రెండో జవాబును తుడిచేయవచ్చు. అప్పుడు హనుమకొండ జిల్లాలో హుజూరాబాద్, జమ్మికుంట మండలాలు ప్రత్యక్షమవుతాయి. ఇంతకన్నా విచిత్రం లోకల్ స్టోరేజ్ అనే బ్రౌజర్ గిడ్డంగిది. అందులో ఒక భాగం ఏదైనా మారిస్తే అదే సైటును తెరిచిన మరో ట్యాబుకు బ్రౌజర్ కబురు పంపుతుంది గానీ, మార్పు జరిగిన పేజీలోనే పక్కన కూర్చున్న భాగానికి పంపదు. ఒకే ఇంట్లో ఉన్నవారికి వేరే చెప్పాలా అన్నది దాని ధోరణి కాబోలు.

ఫేస్‌బుక్ అంతటిది కూడా ఈ బాధకు అతీతం కాలేదు. చదివేసిన సందేశాలను చదవనివిగా చూపే అంకెతో వేగి వేగి, సమాచారం ఒకే దిశలో ప్రవహించాలనే ఫ్లక్స్ పద్ధతిని ఆ సంస్థ 2014లో లోకానికి పరిచయం చేసింది. ఒక సంగతికి ఒకే యజమాని ఉండాలి, తక్కినవారు అడిగి తెలుసుకోవాలి అన్నదే దాని సారం. ఆన్‌లైన్ సెంటర్లలో అనుసరించే పద్ధతి మాత్రం వేరు: “ఏం గాదు, ఒక్కసారి బందు జేసి మళ్ల తెరువుర్రి.” ఆ చికిత్సతో తగవు తీరవచ్చు, సగం నింపిన దరఖాస్తూ దానితోపాటే పోవచ్చు.

ఇన్ని జాగ్రత్తలతో నకళ్లన్నీ ఏకీభవించాక, పరీక్షకులు హుస్నాబాద్ శాసనసభ నియోజకవర్గాన్ని తెరుస్తారు. నియోజకవర్గాల హద్దులు 2008 నాటివి, జిల్లాల హద్దులు 2016 నాటివి కావడంతో, దాని మండలాలు సిద్దిపేట, కరీంనగర్, హనుమకొండ జిల్లాల్లో పరుచుకుని ఉంటాయి. పేజీ ఉన్నదున్నట్టు మూడు జిల్లాలనూ చూపిస్తే, పరీక్షకులు దానిని క్యాష్ దోషంగా నమోదు చేసి, సరిదిద్దేదాకా ఊరుకోరు.