భూమి గుండ్రంగా ఉండదు, గజాల్లో ఉంటుంది

తెర మీద ఇద్దరు హీరోయిన్ల మధ్య ఎటూ తేల్చుకోలేక నలిగిపోయిన శోభన్ బాబు, డబ్బు దగ్గర మాత్రం ఏనాడూ తడబడలేదు. సినిమా డబ్బు రాగానే మద్రాసులో స్థలం. మళ్లీ సినిమా, మళ్లీ స్థలం. ఆదివారం ఆయన షూటింగ్‌కి వచ్చేవారు కాదు. కొన్న స్థలం మాత్రం ఆదివారం కూడా సెలవు తీసుకోకుండా ధర పెరుగుతూ ఉండేది. తోటి నటులకూ అదే బోధ. ఆ మాట చెవికెక్కించుకున్న మురళీమోహన్ జయభేరి అనే రియల్ ఎస్టేట్ సంస్థ దాకా వెళ్లారు. యాక్టింగ్ స్కూళ్లలో నవరసాలు నేర్పుతారు గానీ, పదో రసం రిజిస్ట్రేషన్ అని ఎవరూ చెప్పరు.

ఆ రసం ఒంటపట్టని వాళ్లేమయ్యారో మనకు తెలుసు. రామదాసు తానీషా సొమ్ముతో గుడి కట్టి జైలుకెళ్లాడు. చిత్తూరు నాగయ్య సొంత సొమ్ముతో ‘రామదాసు’ తీసి, 1964లో విడుదల చేసి, చితికిపోయారు. అసలు రామదాసు బాకీ తీర్చడానికి రాముడొచ్చాడు. నాగయ్య బాకీకి ఫైనాన్షియర్ తప్ప ఎవరూ రాలేదు. అడిగినవాడికల్లా కాదనకుండా ఇచ్చిన ఆ మనిషికి పద్మశ్రీ అయితే వచ్చింది, కానీ దాన్ని ఎవరూ తాకట్టు పెట్టుకోరు. సావిత్రి ‘మూగమనసులు’ను తమిళంలో ‘ప్రాప్తం’గా తీసి 1971లో కోలుకోలేని దెబ్బ తిన్నారు. సినిమాలో సంపాదించింది సినిమాలోనే పెట్టడం ఎంత అమాయకత్వమో చూడండి!

అక్కినేని మధ్యేమార్గం పట్టారు. 1976లో బంజారాహిల్స్ రాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. సినిమా ఆడినా ఆడకపోయినా ఫ్లోరు అద్దె ఆగదు. అదీ ఆగిందనుకోండి, కింద 22 ఎకరాల నేల ఉంది.

ఇప్పటి హీరో ఇంకో మెట్టెక్కాడు. తను కొనడమే కాదు, మనతో కొనిపిస్తాడు. ఆదివారం పేపరు విప్పితే మొదటి పేజీ నిండా తెల్లచొక్కాలో చేతులు చాచిన హీరో, వెనక ఇంకా పునాది పడని క్లబ్‌హౌస్. ‘రీజినల్ రింగ్ రోడ్డుకు కూతవేటు దూరం.’ ఎవరి కూతో రాయరు. ‘ఎయిర్‌పోర్టుకు పదిహేను నిమిషాలు’, ఆయన సినిమాలో నడిపినట్టు కారు నడిపితే. ప్రభుత్వ నమోదును చూపే రెరా నంబరు మాత్రం చీమ తలకాయంత. ఇదే హీరో శుక్రవారం వచ్చిన సినిమాలో సెకండాఫ్ అంతా పేదల భూములు కాజేసిన రియల్టర్‌ని సుమోలతో సహా గాల్లోకి లేపుతుంటాడు. జనం ఈలలేసి బయటికొచ్చి, ప్రకటనలో నంబరుకి మిస్డ్‌కాల్ ఇస్తారు.

సినిమాకెళ్లాలన్నా ఈ హీరోల గుమ్మమే తొక్కాలి. గచ్చిబౌలిలో మహేశ్ బాబు ఏఎంబీ, అమీర్‌పేటలో పాత సత్యం థియేటర్ చోట అల్లు అర్జున్ ఏఏఏ, మహబూబ్‌నగర్‌లో విజయ్ దేవరకొండ ఏవీడీ. ఈ మూడు మల్టీప్లెక్సుల్లోనూ ఏషియన్ సినిమాస్ భాగస్వామి. ఇలా థియేటరు పెట్టుకోవడం అన్నిటికన్నా గట్టి ఏర్పాటని నా అభిప్రాయం, ఎందుకంటే దీనికి తన సినిమా ఆడాల్సిన పని కూడా లేదు. ఎవడి సినిమా ఆడినా టికెట్టు తెగుతుంది. ఎవడి సినిమా పోయినా, ఇంటర్వెల్ దాకా కూర్చున్నవాడు పాప్‌కార్న్ కొంటాడు. పోటీ హీరో రికార్డులు బద్దలు కొడుతున్నాడని అభిమానులు రాత్రంతా సోషల్ మీడియాలో కత్తులు నూరుతుంటే, వాళ్ల దేవుడు తన మల్టీప్లెక్సులో అదే పోటీ హీరోకి ఇంకో రెండు షోలు పెంచుతుంటాడు.