డబ్బా టీవీ సొంత అభిప్రాయాలు

సినిమావాళ్ల మీద నాకు పాత కక్షలేవీ లేవు. వాళ్ల సరుకు చూపించుకునే ఇన్నాళ్లూ బతికాను. ఒక్క విషయంలో మాత్రం ఒళ్లు మండుతుంది. కథ మంచి పట్టులో ఉండగా టక్కున ఆపేసి, మిగతాది తర్వాత చూసుకోండి అనడం ఎవరి విద్య? సీరియళ్ల విద్య. ఆ సీరియళ్లని ఇంటింటికీ మోసిందెవరు? మా జాతి. సీరియల్ పేరెత్తితే ముక్కు విరిచే పెద్దపెద్ద దర్శకులు ఇప్పుడు అదే విద్యని వందల కోట్లు పోసి చేస్తుంటే, అరకులో ఒక టీ హోటలు అటక మీద కూచుని నేను నోరు మూసుకోవాలా?

నేను 21 అంగుళాల డబ్బా టీవీని. ముందు అద్దం, వెనక పొట్ట. విశాఖపట్నంలో కొని, గోనెసంచిలో చుట్టి, పొద్దుటి కిరండూల్ పాసింజర్లో పైకి తెచ్చారు. దారిలో ఎన్ని సొరంగాలో. ఒక్కోటి రావడం, పెట్టెలో చీకటి కమ్మడం, కుర్రాళ్లు ఈలలెయ్యడం. లైట్లార్పితే ఈలలేసే జనాన్ని నేను మొదట చూసింది ఆ రైల్లోనే. బొర్రా గుహల దగ్గర ఎక్కినావిడ పనసకాయ ఒకటి నా నెత్తిన పెట్టబోతే, మా యజమాని "అమ్మా, అమ్మా, అందులో చిరంజీవి ఉన్నాడు" అని దణ్ణం పెట్టి ఆపాడు. నా సినిమా జీవితం అక్కడే మొదలైందని చెప్పుకుంటాను.

మా హోటల్లో టీతోబాటు బొంగు చికెన్ కూడా. బయట వెదురుబొంగులు కాలుతుంటే ఆ పొగంతా లోపలికొచ్చి నా అద్దానికి అతుక్కుంటుంది. దాన్ని మా యజమాని టేబుళ్లు తుడిచే గుడ్డతోనే తుడుస్తాడు. అందుకని నా తెర మీద కుడివైపు ఎప్పుడూ ఒక నూనె మరక. ఏ హీరోయిన్ క్లోజప్ వచ్చినా ఆమె బుగ్గ మీద అది పడుతుంది. కొత్తగా వచ్చిన టూరిస్టులు పుట్టుమచ్చ అనుకుంటారు.

నన్ను రోజూ చూసేవాళ్లు ముగ్గురు. ఒకరు యజమాని. ఆయనకి సినిమా కన్నా గల్లా ముఖ్యం. రెండు, ఆయన మేనల్లుడు. జీపు తోలుతాడు, ప్రతి హీరోకీ ఫ్యానే, ప్రతి సినిమా మీదా తీర్పు చెబుతాడు. మూడు, చింతపల్లి వైపు నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డ ఒక తాత. ఒక్క టీ మీద మూడు గంటల సినిమా లాగిస్తాడు. నా అభిప్రాయాలన్నీ ఈ చివరి ఇద్దరి దగ్గరా ఏరుకున్నవే. మేనల్లుడిది వేడి, తాతది వ్యంగ్యం.

‘బాహుబలి’ మొదటి భాగం నా మీద వేసిన రోజు చెబుతాను. అది 2015 సినిమా. హోటలు కిక్కిరిసింది. సంతకొచ్చిన వాళ్లు కావిళ్లు బయట దించి లోపలికొచ్చేశారు. కట్టప్ప తనే బాహుబలిని చంపానన్నాడు. అంతే, అయిపోయింది. జనానికి అయిపోయినట్టు తెలియలేదు. "కరెంటు పోనాదిరా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మేనల్లుడు ఒక్క గెంతులో ఫ్యూజు దగ్గరికెళ్లి పీకి చూసి, ఊది, మళ్లీ పెట్టాడు. దాంతో నిజంగానే ఒకసారి ఆరి వెలిగాను. తాత తల పైకెత్తి, "ఫ్యాను ఇందాకట్నుంచి తిరుగుతానే ఉంది కదరా. సినిమావోళ్లే పీకేసినారు ఫ్యూజు" అన్నాడు.

ఎందుకు చంపాడన్న జవాబు 2017 ఏప్రిల్ 28న వచ్చింది. తీరా 2025 అక్టోబరు 31న రెండు భాగాలూ కత్తిరించి, కలిపి, ‘బాహుబలి: ది ఎపిక్’ అని మూడుముప్పావు గంటల సినిమాగా మళ్లీ వదిలారు. మేనల్లుడి బాధల్లా ఒకటే: "ఈ పని అప్పుడే చేసుంటే నాను ఫ్యూజు పీకేవోణ్నా?"

అదొక్కటీ అయితే క్షమించేవాణ్నే. తర్వాత అందరూ అదే దారి పట్టారు. మా హోటల్లో గోడకి అరువుల పలక ఒకటుంది. ఎవరెవరు ఎన్ని టీలు బాకీయో సుద్దతో రాస్తారు. దాని కింద మేనల్లుడు సినిమా బాకీలు రాయడం మొదలెట్టాడు. ‘సలార్’, 2023 డిసెంబరు: ఇద్దరు స్నేహితులు శత్రువులు ఎలా అయ్యారో చెప్పాలి. ‘కల్కి’, 2024 జూన్: కల్కి ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు, పైగా ఆ తల్లి వేషం వేసిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండదని 2025లో నిర్మాతలే ప్రకటించారు. ‘దేవర’, 2024 సెప్టెంబరు. ‘హరి హర వీరమల్లు’, 2025 జులై. పలక కింది అంచుకి వచ్చేసింది. ‘స్కంద’ పేరు మాత్రం ఒకనాడు వాడే తడిగుడ్డతో తుడిచేశాడు. "ఇది వసూలయ్యే బాకీ కాదులే మావా" అన్నాడు.

నా సీరియళ్ల గొప్పేమిటంటే, రాత్రి ఆపిన కథని మర్నాటి రాత్రి ఎత్తుకుంటాయి. కోడలి చెంప మీద పడబోయిన చెయ్యి గాల్లో ఆగితే, ఇరవైనాలుగు గంటల్లో అది పడాల్సిందే. సినిమాలో గాల్లో ఆగిన చెయ్యి మూడేళ్లు గాల్లోనే ఉంటుంది. ఈలోగా ఆ చెయ్యిగలాయన ఇంకో రెండు సినిమాలు చేస్తాడు, గడ్డం పెంచుతాడు, తీస్తాడు. మాలోనూ పుణ్యాత్ములు లేరనను. 2017లో మొదలైన ‘కార్తీకదీపం’ 2023లో ముగిస్తే, దాని నాయిక వంటలక్క లేని ఇల్లెలా అని 2024లో ‘నవ వసంతం’ పేరుతో మళ్లీ పట్టుకొచ్చారు. దొంగ విద్య ఎటునుంచి ఎటు పాకిందో ఇక నేను చెప్పలేను.

రెండో భాగాలన్నీ చెడ్డవని నేననను. ‘హిట్’ వరస చూడండి. ఒక కేసు, ఒక పోలీసు, చివర్లో దొంగ దొరుకుతాడు. తర్వాతి దానికి ఇంకో పోలీసు: విశ్వక్ సేన్, అడివి శేష్, నాని. ఎవరి లెక్క వాళ్లు తేల్చి పోతారు. మూడోదానికి పెద్దలకి మాత్రమే అని సర్టిఫికెట్టిచ్చారు. అందుకని అది నా దాకా రాక మేనల్లుడి ఫోనులోకి వస్తే, వాడు ఫోను తెచ్చి నా అద్దానికే ఆనించి చూశాడు. ఒక టీవీకి ఇంతకన్నా అవమానం ఉంటుందా? అయినా నేనూ చూశాను, ఓరగా. రక్తం మరీ ఎక్కువైంది. బొంగు చికెన్ తింటున్న కుటుంబం ఒకటి కంచాలు పట్టుకుని ఎండలోకి పోయింది.

‘టిల్లు స్క్వేర్’ నాకిష్టం. ఆ కుర్రాడు మొదటి సినిమాలో ఏం నేర్చుకున్నాడయ్యా అంటే ఏమీ నేర్చుకోలేదు. రెండోదానికి అదే బలం. ‘మత్తు వదలరా 2’ అంటే తాతకిష్టం. కథ అడిగితే చెప్పలేడు, నవ్వుతాడంతే. ఇక ‘భారతీయుడు 2’. మొదటిది 1996లో వచ్చింది, అందులోనే హీరో సేనాపతి ముసలాడు. 2024లో రెండోదానికి వందేళ్లు దాటిన మనిషి గెంతుతూ, తంతూ, ఒంటి చక్రం బండి తొక్కుతూ కనబడ్డాడు. తాత తన మోకాలు నిమురుకుని, "ఆ మందేదో కనుక్కోరా" అన్నాడు. మూడో భాగం కూడా ఉందని చెబితే టీ పక్కన పెట్టి లేచిపోయాడు. ఆయన టీ సగంలో వదిలేసి వెళ్లడం నేను అప్పుడే చూశాను.

‘పుష్ప 2’ సంగతి వేరు. 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియరుకి మేనల్లుడు జీపు మామకి అప్పగించి విశాఖ దిగాడు. ఆ ఆటకి 800 రూపాయలు, పైన జీఎస్‌టీ కలిపి టికెట్టు పెట్టుకోవచ్చని ప్రభుత్వం అనుమతిచ్చింది. ఇంట్లో మాత్రం నూటయాభై అని చెప్పాడు. ఆట విడిచాక ఘాట్ రోడ్డుకి బండి ఎక్కడ దొరుకుతుంది? ఆర్టీసీ కాంప్లెక్సు బెంచీ మీద పడుకుని, పొద్దున్నే పాసింజరెక్కి, గొంతు పూర్తిగా పోగొట్టుకుని వచ్చాడు. టికెట్టు ధర పేపర్లో ముందే చదివిన యజమాని ఏమీ అనలేదు. ఆ వారమంతా వాడి చేత పాత్రలు తోమించాడు, అంతే. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా అది. చాల్లేదేమోనని జనవరిలో ఇంకో ఇరవై నిమిషాలు కలిపారు. దానికి నా అడ్వర్టైజుమెంట్లు కలిపితే, మధ్యాహ్నం భోజనాలప్పుడు మొదలైంది దీపాలు పెట్టేవేళకి గానీ వదలదు. ఇంతా చేసి చివర్లో మూడోది ఉందంటారు. పలక మీద చోటు లేక మేనల్లుడు గోడ మీదే రాసేశాడు.

పుష్ప మాటెత్తితే మా కొండల మాట రాకుండా ఉండదు. కథ శేషాచలం ఎర్రచందనానిది, యాస చిత్తూరుది. మొదటి భాగంలో ఆ అడవి చాలామటుకు మా వైపుదే, మారేడుమిల్లిది. తాతకి పరాయి యాస అర్థం కాక చెట్లు చూస్తూ కూచున్నాడు. కాసేపటికి, "ఈ చెట్లు మనయే కదరా. వీటిలో ఎర్రచందనమెక్కడుంది?" అన్నాడు. "సెట్టింగు తాతా" అన్నాడు మేనల్లుడు. "మరి చెట్లు మనయీ, డబ్బులు వాళ్లయీనా?" అన్నాడు తాత. దీనికి వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

‘ఆర్‌ఆర్‌ఆర్’ వేసిన రోజు ఇంకా పెద్ద గొడవ. నా ముఖం చదరం, ఇప్పటి సినిమాలేమో పొడుగు. అందుకని పైనా కిందా నల్ల పట్టీలు పడతాయి. డబ్బులిచ్చి కొన్న టీవీలో సగం నలుపేమిటని యజమాని రిమోటు తీసి జూమ్ నొక్కుతాడు. పట్టీలు పోతాయి గానీ పక్కలు తెగుతాయి. హోటల్లో కుడివైపు బల్లలు రామ్‌చరణ్‌వి, ఎడమవైపువి ఎన్టీఆర్‌వి. ఇద్దరు హీరోలూ తెరకి చెరో అంచునా నిలబడ్డ షాటు వచ్చింది. జూమ్ నొక్కేసరికి ఇద్దరూ బయటికిపోయి మధ్యలో ఖాళీ మిగిలింది. ఏ హీరోకీ అన్యాయం జరగలేదు, ఇద్దరికీ జరిగింది. రెండు వైపులవాళ్లూ కలిసి యజమాని మీద పడ్డారు. ఆ సినిమా చెప్పిన స్నేహం మా హోటల్లో వెంటనే పనిచేసింది.

తాతకి మాత్రం వేరే సందేహం. ఆ సినిమాలో అల్లూరి సీతారామరాజు పోలీసు బట్టల్లో కనబడగానే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన పుట్టింది చింతపల్లి వైపు. 1922 ఆగస్టులో అల్లూరి మనుషులు వెళ్లి తుపాకులెత్తుకొచ్చిన మొదటి పోలీసు స్టేషను ఆ చింతపల్లిదే. "రామరాజు పోలీసేటిరా? స్టేషన్లు కొట్టినోడికి యూనిఫారం తొడిగినారా?" చివర్లో విల్లు పట్టేదాకా ఆయన మేనల్లుడితో మాట్లాడలేదు. విల్లు చూశాక, "ఊఁ, ఇప్పుడు దారిలోకొచ్చినాడు" అని ఒప్పుకున్నాడు.

తాత లెక్కలో రామరాజు అంటే కృష్ణ. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’కి చింతపల్లిలో షూటింగు చేసినప్పుడు ఈయన నిక్కర్లేసుకునే కుర్రాడు. కృష్ణకి అది నూరో సినిమా. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే చనిపోయినా ఆపకుండా పూర్తిచేశారు. ఆ సినిమా నా మీద ఎప్పుడు వచ్చినా తాత రెండో టీ కూడా తాగుతాడు. "ఇప్పటోళ్లయితే మంప దగ్గర పట్టుకున్నారనగానే ఆపేద్దురు. కొయ్యూరులో ఏటైందో రెండో భాగమని చెప్పి మూడేళ్లు తిప్పుదురు" అంటాడు. నిజమే. 1924 మే 7న జరిగిన రామరాజు మరణాన్ని ఆ సినిమా అదే ఆటలో చూపించింది.

‘ఘాటి’ వచ్చింది 2025 సెప్టెంబరులో. క్రిష్ దర్శకుడు, అనుష్క నాయిక. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి మోసేవాళ్ల కథ. ఎక్కువ రోజులు ఆడలేదు. మేనల్లుడు అనుష్క కోసం రెండుసార్లు చూశాడు. కానీ వాడిలో నేనెరగని కోపమొకటి అప్పుడు బయటపడింది. జీపు తోలేవాడు కదా, చెక్‌పోస్టు దగ్గర డిక్కీ తెరిపించినప్పుడల్లా వాడికి తెలుసు గంజాయి పేరు ఎంత బరువో. "మన అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపొచ్చింది. మిరియం ఉంది, పసుపుంది. సినిమావోళ్లకి మన కొండమీద గంజాయే కనబడుద్దేటి మావా?" అన్నాడు. యజమాని గల్లా మూస్తూ, "కాఫీ గింజ కత్తి పట్టదు కదరా, ఇంటర్వెల్ ఎలా వేస్తారు?" అన్నాడు. సినిమా గురించి ఆయన అన్న తెలివైన మాట ఇదొక్కటే.

ఇప్పుడు మా వాడి ఆశంతా రాజమౌళి-మహేశ్‌బాబు సినిమా మీద. 2025 మార్చిలో ఇక్కడికి దగ్గరే, కొరాపుట్ జిల్లా కొండల్లో షూటింగు చేశారు. వాడు జీపేసుకుని ఒడిశా రోడ్డెక్కాడు. దూరంగానే ఆపేశారు. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదట. రాత్రి హోటల్లో ఆ దుమ్ము కారవాన్ అయింది. తెల్లారేసరికి కారవాన్ కిటికీలోంచి మహేశ్‌బాబు చెయ్యూపాడు. షూటింగయ్యాక రాజమౌళి దేవమాలి కొండెక్కి, దారంతా జనం పడేసిన చెత్త చూసి బాధపడుతూ రాశారని పేపర్లో వచ్చింది. ఆ వార్త చదివి తాత మేనల్లుడి కేసి అదోలా చూశాడు. చిప్స్ ప్యాకెట్లు కొని పట్టుకెళ్లింది వాడే మరి.

సినిమా పేరు ‘వారణాసి’ అని ఆ నవంబరులో చెప్పారు. కొరాపుట్లో తీసి వారణాసి అనడమేమిటని తాత మళ్లీ మొదలెట్టాడు. మారేడుమిల్లి శేషాచలం కాగా లేనిది, ఇది కాకూడదా అన్నాడు మేనల్లుడు. అది థియేటర్లలో ఆడి, ఫోన్లలో ఆడి, చిట్టచివరికి ఏ పండగ పూటో నా దాకా రావాలి. ఒక్క భాగమో రెండో కూడా మా హోటల్లో ఎవరికీ తెలియదు. అయినా వాడు ఇప్పట్నుంచే రిమోటు దాచేస్తున్నాడు.

"మావా, ఆ రోజు మాత్రం జూమ్ నొక్కకు. మహేశ్‌బాబు మజ్జలోనే ఉంటాడు. కొండ పక్కనుంటాది, తెగిపోద్ది."