స్తంభించిన సర్వరును సంహరించు విధానము

విద్యుత్తు హఠాత్తుగా పోయి మరల వచ్చిన పిమ్మట, మీ పోస్ట్‌గ్రెస్ సర్వరు, ఎవరు పలుకరించినను తానింకను లేచుచునే యున్నానను ఏకవాక్యమును వల్లించుచు కదలక మెదలక యున్నయెడల, డేటా వినాశమును శీఘ్రముగా గోరు నిర్వాహకులు ఈ క్రింది విధులను క్రమము తప్పక ఆచరింపవలయును.

మొదటిది: లాగును చదువకుడు. చదివితిరేని, లక్షలాది ఫైళ్లున్నచోట పునరుద్ధరణకు పూర్వమే ఒక్కొక్క ఫైలును డిస్కునకు ఎఫ్‌సింక్ చేయుటయందే కాలము గడచుననియు, 2022లో వెలువడిన 15వ వెర్షను మొదలుకొని సర్వరు తన ప్రగతిని పది సెకండ్ల కొకమారు తానే నివేదించుననియు తెలిసి, ఆందోళనకు ఆస్కారమే లేకుండ పోవును.

రెండవది: ఓపిక నశించిన తత్‌క్షణమే కిల్ -9 ప్రయోగింపుడు. కడపటి చెక్‌పాయింటు నుండి వాల్ పద్దులను ఒక్కటొక్కటిగా సరిచూచుచున్న సర్వరు, లెక్క నడుమ పలుకరింపబడిన కరణమువలె, మరల మొదటి పుటనే తెరచును. సహజముగా ఐదు నిమిషములకు మించని చెక్‌పాయింట్ల ఎడమును, వేగమునాసించి గంటకు పెంచినవారు తామేయని అప్పుడు స్మరింపరాదు.

మూడవది: డిస్కు నిండినచో, చిట్టావలె కనుపించు ప్రతిదానిని తుడిచివేయుడు. వాల్ దస్త్రములుండు డైరెక్టరీకి పూర్వము పీజీ_ఎక్స్‌లాగ్ అని పేరుండుటచే, పనికిమాలిన లాగులని భ్రమించి దానిని తొలగించి డేటాబేసును పోగొట్టుకొనువారు కలుగగా, 2017లో 10వ వెర్షనునందు దానిని పీజీ_వాల్‌గా మార్చి, నిర్మాతలు మనకీ సౌలభ్యమును కొంత దుర్లభము గావించిరి. పట్టుదల గలవారికి అదియు అడ్డుగాదు.

నాల్గవది: పాత ప్రాసెసు బ్రతికియుండగనే పోస్ట్‌మాస్టర్.పిఐడి ఫైలును తొలగించి, అదే డేటాపై రెండవ సర్వరును నడపుడు.

ఐదవది, సర్వోత్తమమైనది: ఏ ప్రతియు తీసికొనక పీజీ_రీసెట్‌వాల్‌ను బలవంతముగా ప్రయోగింపుడు. సర్వరు వెంటనే లేచును, అధికారులు అభినందింతురు, సగము నమోదైన లావాదేవీలును, సూచికలకు దొరకని వరుసలును కొన్ని దినములకు గాని బయటపడవు. గత్యంతరము లేనపుడు మాత్రమే దీనిని వాడవలెననియు, వాడిన పిమ్మట డేటానంతటిని డంపు చేసి క్రొత్త క్లస్టరులోనికి ఎక్కింపవలెననియు చెప్పు నిర్మాతల గ్రంథమును తెరవకుండుటయే మేలు.

ఇంతటి శ్రమకోర్వని సోమరులు కొందరు, లాగు చదివి, డిస్కు పని చేయుచున్నదో లేదో చూచి, ఊరక వేచియుందురు. ఏదైనను తాకక తప్పనపుడు, ముందుగా సర్వరును నిలిపి డేటా డైరెక్టరీకి సంపూర్ణముగా ప్రతి తీసికొందురు. వీరిని ఎవరును అభినందింపరు. వీరి డేటా మాత్రము సాధారణముగా వీరికి దక్కుచుండును.