టకటకాసుర వధ

కార్తీక, మాఘ మాసాల్లో కవులు సంస్థానాలు తిరుగుతూ గద్వాల చేరి, సభలో నెగ్గి, శాలువలు కప్పుకుని వెళ్లేవారు. విద్వద్గద్వాల అన్న పేరు అలా వచ్చిందే. అలాంటి ఊళ్లో మోటార్ సైకిల్ చప్పుడు గురించైనా సరే, పీఠిక లేకుండా మొదలుపెట్టకూడదు కాబట్టి, ఇదే పీఠిక.

కథానాయకుడు హీరో హోండా స్ప్లెండర్. 1994లో అవతరించిన వంశం, ఏకసిలిండర గోత్రం, 97.2 సీసీల అపార బలం. మాది ఆ వంశంలో పాతకాపు. ఎడమ అద్దం ఏ యుద్ధంలో ఊడిందో తెలియదు. సీటు మాత్రం మూడుసార్లు పట్టాభిషేకం చేయించుకుంది.

ఒకనాటి శీతాకాల ప్రాతఃకాలాన, కోట గోడ మీది పావురాలు ఇంకా రెక్కలు విదల్చకముందే, చోక్ లాగి కిక్కు కొట్టాను. అంతే! ఇంజన్ గర్భకుహరంలోంచి టక్ టక్ టక్ అంటూ ఒక అసురుడు నిద్ర లేచాడు. నేతగాళ్ల వీధిలో మగ్గం పలక వేసినట్టే ఉంది ఆ చప్పుడు. పలక దెబ్బకు చీర పెరుగుతుంది, దీని దెబ్బకు నా బీపీ పెరిగింది.

కావ్యంలో కుకవినింద తప్పదు. బండి స్టార్ట్ చేయకుండానే, చాయ్ గ్లాసు దించకుండానే "ఇంజన్ దించాలె" అని తీర్పు చెప్పే మహానుభావులారా, మీ గ్లాసుల్లో ఈగలు పడుగాక!

ప్రథమాశ్వాసం చిన్నది. గద్వాల మెకానిక్ చెవి రిక్కించి, "టాపెట్లు లూజైనయన్నా" అన్నాడు. హెడ్డు మీది రెండు మూతలూ విప్పి, గేజ్ దూర్చి, వెంట్రుక మందమంత సందు సరిచేశాడు. కిక్కు కొడితే అసురుడు మరింత హుషారుగా పలికాడు. "అయితే పెద్ద పనే ఉంటది" అన్నాడు మెకానిక్, చేతులు తుడుచుకుంటూ.

దండయాత్ర మొదలైంది. ఎర్రవల్లి చౌరస్తా దాటేసరికి టకటక సన్నగిల్లింది. బీచుపల్లి వంతెన మీద కృష్ణ గాలి ముఖాన కొట్టేవేళకు అసలే లేదు! ఒడ్డున గుళ్లోని వాయుపుత్రుడు మింగేశాడని తీర్మానించి, ఒంటి చేత్తో దండం పెట్టాను. నిజానికి రహస్యమంతా అక్కడే ఉంది. భక్తిలో పడి గమనించలేదు.

వనపర్తిలో పని చూసుకుని గంట తర్వాత కిక్కు కొడితే, దేవుడు మింగినవాడు మళ్లీ బయటికొచ్చాడు. రాజుల ప్యాలెస్‌లోనే 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్న ఊరిది. ఇక్కడి తీర్పుకు తిరుగుండదని నా నమ్మకం. ఇక్కడి ధన్వంతరి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి అదిమి, కళ్లు మూసుకున్నాడు. "టైమింగ్ చైన్ సాగింది. హెడ్డు ఇప్పాలె" అన్నాడు. ఖర్చు వినగానే నా పర్సు రణరంగం విడిచి పారిపోయింది. దాని వెనకే నేనూ.

నాగర్‌కర్నూల్‌లో మా బావ వాళ్లిల్లు. కేసరి సముద్రం వైపు ఒక రేకుల షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడి ముసలాయన బండిని ముట్టలేదు. "వేడి మీద ఉన్నది. రాత్రికి ఈడనే పెట్టిపోండి సారూ, పొద్దుగాల చల్లబండి మాట్లాడ్తది" అన్నాడు. ఇంతమందిలో అసురుడు ఏ వేళకు లేస్తాడో ఆలోచించినవాడు ఆయనొక్కడే.

తెల్లవారింది. ముసలాయన కిక్కు కొట్టించి, పాత గుడ్డముక్క మడిచి సైలెన్సర్ మూతిని రెండు క్షణాలు మూశాడు. టక్ టక్ కాస్తా ఠక్ ఠక్ అయింది! ఆయన గుడ్డ తీసి, హెడ్డుకు బెండ్ పైపు కలిసేచోట వేలు చూపించాడు. వంగి చూశాను. అల్యూమినియం మీద సన్నని నల్లటి మసి, నిద్ర లేచిన పిల్ల కంటి చివర చెదిరిన కాటుకలా. "గాస్కెట్ పోయింది సారూ, పొగ ఈడికెల్లి కొడ్తుంది."

శత్రువు కోటలో లేడు, ద్వారం దగ్గరే కూర్చున్నాడు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే టాపెట్ ఒకసారి కొడుతుంది. పొగ వాల్వు తెరుచుకునేదీ అదే లెక్కన, రెండు చుట్లకు ఒకసారి. అందుకే సందులోంచి తన్నుకొచ్చే పొగ అచ్చం టాపెట్ గొంతుతో పలుకుతుంది. వేడికి లోహం వ్యాకోచిస్తే సందు మూసుకుపోతుంది. బీచుపల్లి మహిమ ఇదన్నమాట. అయినా దండం వెనక్కి తీసుకోను.

మహాసంగ్రామం రెండు నట్లతో ముగిసింది. పాత గాస్కెట్‌ను ముసలాయన నా అరచేతిలో పెట్టాడు. రూపాయి బిళ్లంత ఉంగరం, ఒక పక్క కాలి, ఒరిసి, గోటితో గీరితే పొడి రాలుతోంది. కొత్తదాని ఖరీదుకు ఇద్దరం చాయ్ తాగొచ్చు. తాగాం కూడా.

ఆ ఉంగరాన్ని జేబులో వేసుకుని వచ్చి, గద్వాలలో మొదటి మెకానిక్‌కు చూపించాను. శకుంతల ఉంగరం చూసిన దుష్యంతుడిలా అటూ ఇటూ తిప్పి, నా చేతిలో పెట్టేశాడు.

"నేను ఆ పొద్దే అంటిని గదన్నా, చిన్న పనే అని."