కనుమ నాటి ముట్టడి

ఔరంగజేబు పాదుషాకు బొత్తిగా లౌక్యం తెలీదు. 1687లో గోల్కొండ కోట పట్టడానికి ఎనిమిది నెలలు డేరాల్లో కూర్చున్నాడు. ఫిరంగులు పేల్పించాడు, గోడల కింద సొరంగాలు తవ్వించి మందుగుండు దట్టించాడు, తిండి చాలక సైన్యం మాడింది. ఆఖరికి లోపలివాడు అబ్దుల్లా ఖాన్ లంచం పుచ్చుకుని తలుపు తీస్తే గానీ పని కాలేదు. గోల్కొండతో పాటు మన శ్రీకాకుళం సర్కారు కూడా ఆయన లెక్కల్లోకే పోయింది కదా, ముందే అనకాపల్లికి కబురు పెట్టి ఉంటే ఇంత ఖర్చు పడనిచ్చేవాళ్లం కాదు. పాతకాలపు కట్టడాన్ని దెబ్బతీయడానికి ఫిరంగులెందుకండీ? అందులో రాక్షసుడున్నాడని ఓ పుకారు పుట్టించి, కనుమ నాటికి జనాన్ని కొండెక్కిస్తే చాలు.

అనకాపల్లి దగ్గర శంకరం ఊరి పక్కన బొజ్జన్నకొండ మీద మేం ఆ పని ఏళ్ల తరబడి చేసి చూపించాం. నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా అక్కడ బౌద్ధ భిక్షువులుండేవారు. కొండను తొలిచి గుహలు చేశారు. ఒక గుహలో పదహారు స్తంభాల నడుమ ఏకశిలా స్తూపం నిలబెట్టారు. పైన కొండరాతినే పీఠంగా మలిచి, దాని మీద ఇటుకలతో మహాస్తూపం కట్టారు. స్తూపమంటే మొదట్లో అస్థికల మీద లేపిన దిబ్బే. ఆ లెక్కన గోల్కొండ సుల్తానుల సమాధుల గుమ్మటాలన్నిటికీ ఇది పెద్దన్న. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే దొర తవ్విస్తే సముద్రగుప్తుడి బంగారు నాణెం బయటపడింది, వేంగి చాళుక్యుల రాగి నాణేలూ దొరికాయి. ఎక్కడి గుప్తులు, ఎక్కడి అనకాపల్లి! బెల్లానికే కాదు, భక్తికీ బేరం బాగానే నడిచిన ఊరన్నమాట.

ఇంత చరిత్రను మనవాళ్లు రెండు ముక్కల్లో తేల్చేశారు. బొజ్జలా ఉబ్బిన కట్టడం కనబడింది కాబట్టి రాక్షసుడు. రాక్షసుడు కాబట్టి రాళ్లు. కనుమ నాడు పిల్లాపాపలతో కొండెక్కి, చేతికందిన రాయి తీసి, గురి చూసి విసరడం పుణ్యకార్యం. "ఏటి బాబూ, నువ్వూ ఓ రెండు ఇసురు, ఏడాదంతా పీడుండదు" అని ఓ పెద్దాయన నా చేతిలోనూ రాయి పెట్టబోయాడు. వానలకు నల్లబడిన ఇటుక, రాయి తగిలిన చోట మాత్రం పెచ్చు లేచి, పచ్చిపుండులా ఎర్రగా కనిపిస్తుంది. చీమకైనా హాని చేయొద్దన్నవాడికి మనం ఏటేటా కట్టిన వడ్డీ అది.

పక్కనే లింగాలకొండ. అక్కడా స్తూపాలే. వరసలు వరసలుగా, ఒకదాని వెనక ఒకటి, రాతిలో తొలిచినవి. కాకపోతే చిన్నవి, నిలువుగా ఉన్నాయి. చూసినవాళ్లకు శివలింగాల్లా తోచాయి. అంతే, ఆ కొండకు దణ్ణం దక్కింది. బుద్ధుడొక్కడే, భిక్షువులూ వాళ్లే, రాయీ ఒకటే. ఒక కొండ మీద దేవుడయ్యాడు, ఇంకో కొండ మీద దెయ్యమయ్యాడు. ఒంటి తీరును బట్టి మర్యాద! పొట్ట తగ్గించుకోమని డాక్టర్లు మొత్తుకునేది ఇందుకేనేమో.

అసలు చమత్కారం కొండ కింద ఉంది. అక్కడ హారీతి విగ్రహం ఉంది. బౌద్ధుల కథల్లో ఈవిడే నిజమైన రాక్షసి, ఊళ్లో పసిపిల్లల్ని తినేది. బుద్ధుడు మందలిస్తే మారి, పిల్లల్ని కాచే తల్లి అయింది. కింద ఉన్న మాజీ రాక్షసిని దాటుకుని పైకెళ్లి, ఆవిణ్ణి బాగుచేసినవాడి స్తూపం మీద రాళ్లేసి వచ్చాం. పోలీసు భాషలో దీన్ని సాక్షి మీద కేసు అంటారు.

గోల్కొండ సుల్తానులు అదృష్టవంతులు. వాళ్ల సమాధులకు రాక్షసుడి పేరు పడలేదు, మరమ్మతు మాత్రం పడింది. తామరరేకుల నుంచి పైకి లేచే ఆ గుమ్మటాల సున్నపు గచ్చు మీద గత శతాబ్దంలో ఎవరో శ్రద్ధగా సిమెంటు పూశారు. 2013లో ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు దిగి, ఆ సిమెంటును గీకి మళ్లీ సున్నం వేశారు. మొత్తం పని ముగిసేసరికి 2024. మొగలులు చేసిన నష్టం కంటే మేస్త్రీలు చేసిన బాగుచేత ఎక్కువ రోజులు పట్టిందన్నమాట. ఇక గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషాకు ఆ వరసలో జాగాయే దక్కలేదు, దౌలతాబాద్ ఖైదులో పోయి ఖుల్దాబాద్‌లో మట్టయ్యాడు. ఇప్పుడాలోచిస్తే ఆయనే తెలివైనవాడు. గీకడానికి సిమెంటూ లేదు, పూయడానికి సున్నమూ లేదు.

మా దగ్గర రాళ్ల సంబరాన్ని పాత కట్టడాల బాగు చూసే ఇంటాక్ సంస్థ వాళ్లూ అధికారులూ కలిసి ఆ మధ్య ఆపించారు. మంచిదే. కేంద్ర పురావస్తు శాఖ నీలం బోర్డు ఎలాగూ ఉంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని 2010 నుంచి చట్టం. రాళ్లు మానేశాక చేతులు ఊరుకుంటాయా? మేకులు దొరికాయి. తాళంచెవులు దొరికాయి. దేశంలో ఏ గుహ చూడండి, ఏ గుమ్మటం చూడండి, కొత్త శాసనాలు వెలుస్తున్నాయి.

వెయ్యేళ్ల తర్వాత ఇంకో రే దొర వచ్చి తవ్వుతాడు. గోల్కొండ నుంచి అనకాపల్లి దాకా ఒకే లిపి, ఒకే రాజచిహ్నం, బాణం గుచ్చిన గుండె. దక్షిణాపథమంతా ఏలిన చక్రవర్తి ఎవరో ఉన్నాడని గ్రంథం రాస్తాడు. విష్ణుకుండిన రాజుల సింహం గుర్తు కంటే ఈ గుండెదే పెద్ద సామ్రాజ్యమని నిరూపిస్తాడు. రాజధాని ఎక్కడన్నది మాత్రం తేల్చలేడు పాపం. శాసనం కింద ఫోన్ నంబరులో పదో అంకె పెచ్చు ఊడిపోయి ఉంటుంది.